గుర్రం షెడ్డు కిరాయికి బదులు పని: లెక్క, కాయితం, రోజువారీ చాకిరీ

"షెడ్డు కిరాయి కట్టలేకపోతున్నాం, అక్కడే పని చేసి తీర్చుకోవచ్చా?" గుర్రం కొని ఏడాది తిరగకముందే చాలా మంది అడిగే ప్రశ్న ఇది. వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు ఇంటి వెనక జాగ లేక గుర్రాన్ని వేరేవాళ్ల దగ్గర కట్టేసేవాళ్లకు ఈ దారి నిజంగానే పనికొస్తుంది. కాకపోతే పొద్దుగాల కాసేపు చేతిసాయం చేస్తే కిరాయి మొత్తం మాఫీ అవుతుందనుకోవద్దు. ఇలాంటి ఒప్పందాలు ఎక్కువగా చెడేది నోటిమాట దగ్గరే. "చేతనైంది చేస్తలే అన్నా" అన్న మాట మీకు వారానికి మూడు పూటలుగా వినిపిస్తే, షెడ్డు యజమానికి రోజూ రెండు పూటలుగా వినిపిస్తుంది. అందుకని ఇక్కడ ప్రతి పనీ గంటల్లో, రూపాయల్లో, కిలోల్లో చెప్తున్నాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వేళ్లు, మడమలు పూర్తిగా మూసే గట్టి బూట్లు. చెప్పులతో, శాండిల్స్‌తో గుర్రం పక్కన నిలబడవద్దు. 350 కిలోల జంతువు కాలు మీద కాలు వేస్తే వేళ్లు నుజ్జవుతాయి.
- మీకు ధనుర్వాతం టీకా. చివరిది వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోండి. గుర్రాల చోట మట్టిలో, లద్దెలో ఆ క్రిములు మామూలుగానే ఉంటాయి.
- గిట్టలు శుభ్రం చేసే కొక్కెం, ఖరారా (ఒంటి మీది మట్టి గీకే పళ్ల బ్రష్), మెత్తటి కుంచె. మీ గుర్రానికి మీవే వాడండి. అందరి గుర్రాలకూ ఒకే ఖరారా వాడితే చర్మ రోగాలు షెడ్డంతా పాకుతాయి.
- 25 కిలోల దాకా తూగే వేలాడే త్రాసు, డిజిటల్ థర్మామీటర్, పొడవైన కొలత టేపు. దర్జీ టేపు 150 సెంటీమీటర్లే ఉంటుంది, గుర్రం ఛాతీకి చాలదు. అదొక్కటే ఉంటే సుతిలి చుట్టి, ఆ సుతిలిని కొలవండి.
- రెండు నోటుబుక్కులు. ఒకటి మీ గంటలకు, ఒకటి గుర్రానికి.
- గుర్రం కాయితాలు: ధనుర్వాతం, రేబీస్ టీకాల తేదీలు, నట్టల మందు తేదీ, గ్లాండర్స్ అనే అంటురోగం లేదని చూపే రక్త పరీక్ష రిపోర్టు.

1. ముందు లెక్క కట్టండి, తర్వాతే మాట్లాడండి

అదే పనికి షెడ్డువాళ్లు మనిషిని పెట్టుకుంటే రోజుకు ఎంత ఇస్తారో కనుక్కోండి. మీ గంట విలువ అదే. అంతకు మించి అడిగితే ఎవరూ ఒప్పుకోరు, అంతకు తక్కువకు ఒప్పుకుంటే నష్టం మీదే.

లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ. అంకెల చోట మీ ఊరి రేట్లు వేసుకోండి. కూలి 8 గంటలకు 600 రూపాయలు అనుకుందాం, గంటకు 75 పడుతుంది. మేత, దాణా, చాకిరీ అన్నీ కలిపి కిరాయి నెలకు 12,000 అనుకుందాం. 12,000ని 75తో భాగిస్తే 160 గంటలు. నెలలో ఒక్క రోజు కూడా మానకుండా రోజుకు 5 గంటల 20 నిమిషాలు. ఉద్యోగమో చదువో ఉన్నవాళ్ల వల్ల అయ్యే పని కాదిది. రోజుకు 2 గంటల చొప్పున నెలకు 26 రోజులు చేయగలిగితే 52 గంటలు, అంటే 3,900 రూపాయలు. మొత్తం కిరాయిలో మూడో వంతుకు కొంచెం తక్కువ.

ఈ అంకె చూసి నీరుగారిపోవద్దు. దారులు రెండున్నాయి. మొదటిది, కిరాయినే తగ్గించుకోవడం. మేత, దాణా, మీ గుర్రం చాకిరీ మీరే చూసుకుని చోటుకు, నీళ్లకు, రాత్రి కాపలాకు మాత్రమే కిరాయి మాట్లాడుకోండి. అది 4,000 అయితే మీ 52 గంటలతో దాదాపు తీరిపోతుంది. రెండోది, గంట విలువ పెంచుకోవడం. లద్దె ఎత్తడానికి ఒక రేటు, ట్రాక్టరు నడపడానికి ఒక రేటు, బోరు మోటారు, కరెంటు పనులకు ఒక రేటు, సొంతంగా సవారీ బాగా వచ్చి పిల్లలకు నేర్పగలిగితే ఇంకో రేటు. మీకు వచ్చిన పనిని ముందే చెప్పండి. చాలా మంది సిగ్గుపడి పార పట్టుకుంటారు.

ఇక్కడే అందరూ పొరపడే చోటొకటుంది. అన్నీ కలిపిన కిరాయిలో మీ గుర్రం కొట్టం ఊడ్చే ఖర్చు ఇప్పటికే ఉంది కాబట్టి, దాన్ని మీరు ఊడ్చుకుంటే ఆ గంటలు మీ ఖాతాలో పడాలి. చోటుకు మాత్రమే కిరాయి కట్టేటప్పుడు అది మీ సొంత పని, ఖాతాలో పడదు. ఈ ముక్క మొదటి రోజే తేల్చుకోండి.

2. చోటు ఎంచుకోవడం

మన వైపు గుర్రాన్ని ఉంచే చోట్లు మూడు రకాలు. పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పంపేవాళ్ల షెడ్డు, సవారీ నేర్పే చోటు, ఖాళీ కొట్టం ఉన్న పాడి రైతు. బరాత్ షెడ్డులో గుర్రం పని బాగా తెలిసిన సైస్ (గుర్రాల చాకిరీ చూసే మనిషి) ఉంటాడు, కానీ ముహూర్తాల రోజుల్లో రాత్రిళ్లు మనుషులు ఉండరు. సవారీ నేర్పే చోట పని ఎప్పుడూ ఉంటుంది, కిరాయి ఎక్కువ. పాడి రైతు దగ్గర చవక, గడ్డి చేతికందే దూరంలో ఉంటుంది, కానీ అక్కడివాళ్లకు బర్రెల సంగతే తెలుసు. ఆ తేడా వల్ల గుర్రాలు చచ్చిపోతాయి, కింద దాణా దగ్గర వివరంగా చెప్తాం.

చూడడానికి వెళ్లినప్పుడు యజమానితో మాట్లాడే ముందు నాలుగు చూడండి: నీళ్ల తొట్టి అడుగున పాకుడు ఉందా, దాణా గది తలుపుకు గొళ్లెం ఉందా, గుర్రాల డొక్కల్లో పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా ఉన్నాయా, లద్దె కుప్ప కొట్టానికి ఎంత దూరంలో ఉంది. ఈ నాలుగూ బాగాలేని చోట కిరాయి ఎంత తక్కువైనా వద్దు.

3. అంతుండే పనులు అడగండి

"ఏ పని చెప్తే ఆ పని" అన్నది ఎప్పటికీ తీరని బాకీ. మొదలు, చివర కనబడే పని తీసుకోండి. "పొద్దున 6 నుంచి 8 దాకా నాలుగు కొట్టాలు శుభ్రం, అన్ని తొట్లు కడిగి నింపడం" అంటే అయిందో లేదో ఎవరికైనా కనబడుతుంది. అలవాటైన మనిషికి ఒక కొట్టానికి 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కొత్తలో 45 వేసుకోండి.

సీజను పనులు కూడా మంచి బేరం. వానాకాలం, యాసంగి వరి కోతలైనప్పుడు గడ్డి కట్టలు తోలి, షెడ్డులో పేర్చిపెట్టే పనిని మొత్తంగా మాట్లాడుకోవచ్చు. రెండు మూడు రోజులు ఒళ్లు వంచితే నెల గంటల్లో చాలా భాగం తీరిపోతుంది.

పని తెలియని రోజుల్లో గుర్రాలను నడిపించడం, సవారీ చేయించడం, మందులు పట్టించడం ఒప్పుకోవద్దు. వేరేవాళ్ల గుర్రం మీ చేతిలో కుంటిదైతే ఆ బాకీ ఏ గంటలతోనూ తీరదు.

అడిగేటప్పుడు సూటిగా అడగండి: "అన్నా, జాగ కిరాయి నాలుగు వేలల్ల పైసలు తక్కువిస్త, మిగిలినదానికి పొద్దుగాల రెండు గంటలు పనిచేస్త. పదిహేను రోజులు చూడు, నచ్చితే కాయితం రాసుకుందాం."

14 ఏళ్ల లోపు పిల్లల పేరు మీద ఇలాంటి ఒప్పందం వద్దు. వాళ్లతో పని చేయించడం చట్టం ఒప్పుకోదు. పిల్లల కోసం గుర్రం కొన్నవాళ్లు పనిని పెద్దల పేరు మీదే రాసుకోవాలి.

4. కాయితం

తెల్లకాగితం మీదైనా సరే, రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, చెరొక కాపీ ఉంచుకోండి. అందులో ఉండాల్సినవి:

- నెల కిరాయి ఎంత, అందులో ఏమేం కలిసి ఉన్నాయి: గడ్డి, దాణా, పరుపు (కొట్టంలో కింద పరిచే ఊక, గడ్డి), నీళ్లు, కాపలా.
- మీ పనుల జాబితా, రోజులు, వేళలు, గంటకు రేటు.
- గంటలు తగ్గితే ఏం చేయాలి: పైసలు కట్టాలా, వచ్చే నెల చేయాలా. ఎక్కువ చేస్తే ఎన్ని గంటల దాకా జమ ఉంటుంది.
- మీకు జ్వరం వచ్చినా, ఊరికి పోయినా మీ బదులు ఎవరు వస్తారు.
- డాక్టరు ఖర్చు, లాడం ఖర్చు ఎవరివి. మామూలుగా గుర్రం యజమానివే. లాడం ఉన్నా లేకున్నా 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు కోయించాలి కాబట్టి దీన్ని ముందే లెక్కలో వేసుకోండి.
- మీ గుర్రాన్ని మీకు చెప్పకుండా బరాత్‌కు పంపకూడదు, ఎవరినీ ఎక్కించకూడదు అన్న మాట. అడగడానికి మొహమాటపడేది ఇదే, తర్వాత బాధపడేదీ దీని గురించే.
- ఒప్పందం వదులుకోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. 30 రోజులు న్యాయంగా ఉంటుంది.

5. గుర్రాన్ని చేర్చే రోజు

కొత్త గుర్రాన్ని మిగతావాటి పక్కన వెంటనే కట్టవద్దు. కనీసం రెండు వారాలు, కుదిరితే మూడు వారాలు విడిగా, వేరే తొట్టి, వేరే బకెట్లతో ఉంచి రోజూ రెండు పూటలా జ్వరం చూడండి. గ్లాండర్స్ పరీక్ష రిపోర్టు మీరు చూపించండి, అక్కడి గుర్రాలవీ అడగండి. గ్లాండర్స్ మనుషులకూ అంటుకుంటుంది, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. ముక్కులోంచి చిక్కటి చీము, ముక్కు లోపల పుండ్లు, చర్మం మీద వరుసగా పగిలే గడ్డలు ఉన్న గుర్రాన్ని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. వెంటనే పశువైద్యాధికారికి చెప్పండి.

అదే రోజు మీ గుర్రం బరువు కట్టి రాసిపెట్టుకోండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు కొస నుంచి పిర్ర వెనక ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,877తో భాగించండి. చుట్టుకొలత 165, పొడవు 150 అయితే దాదాపు 344 కిలోలు వస్తుంది. నెలనెలా ఒకే మనిషి, ఒకే చోట, మేతకు ముందు కొలవాలి. అంకె అటూ ఇటూ ఉన్నా పెరుగుతోందా తరుగుతోందా అన్నది మాత్రం తెలుస్తుంది.

6. పొద్దున పని, వరుసగా

ఒకటి. లోపలికి వెళ్లకముందే తలుపు దగ్గర నిలబడి చూడండి. రాత్రి మేత తిన్నదా, లద్దె ఎన్ని చోట్ల వేసింది, పరుపు చెల్లాచెదురై గోడల మీద గీతలున్నాయా. గుర్రం రోజుకు 8 నుంచి 10 సార్లు లద్దె వేస్తుంది. రాత్రంతటికీ ఒకటో రెండో కుప్పలే ఉంటే పార పక్కన పెట్టి, ముందు గుర్రాన్ని చూడండి.

రెండు. పేరు పెట్టి పిలుస్తూ ఎడమ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్లండి. హాల్టర్ (మొహానికి తొడిగే పట్టీ) వేసి బయట కట్టేయండి. తాడును చేతికి చుట్టుకోవద్దు, వేళ్లు తెగిపోయేది అలాగే. కొసను ఒక్క గుంజుతో ఊడే ముడి వేయండి. తాడును నేరుగా ఇనుప కడ్డీకి కట్టకుండా, కడ్డీకి సుతిలి ఉంగరం ఒకటి కట్టి దానికి ముడి వేయండి. గుర్రం బెదిరి వెనక్కి గుంజితే సుతిలి తెగుతుంది, మెడ నిలుస్తుంది. ముడి గుర్రం మూపు ఎత్తులో ఉండాలి. కిందికి కడితే కాలు తాడులో పడుతుంది.

మూడు. ముందు పొడిగా ఉన్న లద్దె ఎత్తేయండి. తర్వాత శుభ్రమైన పరుపును గోడలవైపు తోసి, తడిసిన చోటు నేల కనబడే దాకా తీసేయండి. అందరూ ఎగ్గొట్టేది ఈ తడి భాగాన్నే. పైన ఇంత కొత్త ఊక చల్లితే అందంగానే కనబడుతుంది, కింద మూత్రం మురిగి ఘాటు లేస్తుంది, గిట్టలు కుళ్లుతాయి, ఊపిరితిత్తులు పాడవుతాయి. పని అయిందో లేదో ఇలా చూడండి: గుర్రం బయట ఉండగానే ఖాళీ కొట్టంలో తడి తీసిన చోట మోకాళ్ల మీద కూర్చుని గాలి పీల్చండి. పడుకున్న గుర్రం పీల్చేది ఆ ఎత్తులోని గాలే. కళ్లు మండితే ఇంకా తీయాలి.

నాలుగు. నేల ఆరాక పరుపు వేయండి, 10 నుంచి 15 సెంటీమీటర్ల మందం. రైస్‌మిల్లుల వల్ల మన దగ్గర ఊక చవగ్గా దొరుకుతుంది. దుమ్ము ఎక్కువ కాబట్టి వాడే ముందు జల్లించి, కొంచెం నీళ్లు చిలకరించండి. ఊక తినే అలవాటున్న గుర్రానికి అది వేయవద్దు, కడుపులో గడ్డ కట్టి పోట్లు వస్తాయి. దానికి బదులు వరి గడ్డి లేదా రంపపు పొట్టు వేయండి. రంపపు పొట్టులో మేకులు, ఇనుప ముక్కలు ఉంటాయి, అయస్కాంతం ఒకసారి తిప్పండి.

ఐదు. తొట్టి మొత్తం ఒంపేసి, కొబ్బరి పీచుతో రుద్ది కడిగి నింపండి. సగం నీళ్ల మీద నీళ్లు పోయడం కడగడం కాదు. గుర్రం రోజుకు 25 నుంచి 45 లీటర్ల దాకా తాగుతుంది, ఎండకాలం అంతకు మించి. బకెట్లతో పెడితే ఎన్ని తాగిందో రాసిపెట్టండి.

ఆరు. గిట్టలు. గుర్రం తోకవైపు మొహం పెట్టి పక్కన నిలబడి కాలు ఎత్తండి. గిట్ట అడుగున బాణం ములుకులా ఉండే మెత్తటి భాగానికి అటూ ఇటూ ఉన్న సందుల్లోంచి మడమ నుంచి ముందు కొసవైపు కొక్కెం గీయండి. ఎదురు గీస్తే ఆ మెత్తటి భాగంలో గుచ్చుకుంటుంది. నల్లగా, ముద్దగా, కుళ్లిన కంపు వస్తే గిట్ట కుళ్లు మొదలైందని అర్థం. కొట్టం పొడిగా లేదని కూడా. మేకు గుచ్చుకుని ఉంటే మీరు పీకకండి. అది ఎంత లోతు, ఎటువైపు పోయిందో డాక్టరు చూడాలి. అప్పటిదాకా ఆ కాలు నేలకు గట్టిగా ఆనకుండా నిలబెట్టండి.

లద్దె కుప్పను కొట్టానికి దూరంగా వేసి, వారానికోసారైనా పొలానికి తోలేయాలి. ఈగ గుడ్డు పెట్టినప్పటి నుంచి కొత్త ఈగ లేచేదాకా వేడి రోజుల్లో రెండు వారాలు కూడా పట్టదు. చుట్టుపక్కల కూరగాయల రైతులతో మాట్లాడితే లద్దెకు బదులు పచ్చిగడ్డి ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఆ బేరం మీరు కుదిర్చితే దానికీ గంటలు వేయించుకోండి.

7. మేత, దాణా

గుర్రానికి రోజూ పెట్టే మేత, ఎండు లెక్కన (తడి తీసేసి చూస్తే), దాని బరువులో దాదాపు 2 శాతం ఉండాలి. 344 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 7 నుంచి 7.5 కిలోల ఎండు మేత, రెండు మూడు పూటలుగా. దీన్ని త్రాసుతో తూచండి. ఒక డబ్బా ఓట్స్, ఒక డబ్బా ఉలవలు ఒకే బరువు ఉండవు. "రోజూ రెండు డబ్బాలే వేస్తున్నా" అంటూనే గుర్రాన్ని రోగానికి అప్పగించేవాళ్లు ఉన్నారు.

వరుస: ముందు నీళ్లు, తర్వాత గడ్డి, చివర దాణా. ఒక పూటకు 2 కిలోలకు మించి గింజ వద్దు. పని తక్కువున్న గుర్రానికి అందులో సగం కూడా అక్కర్లేదు. కొత్త దాణా ఏదైనా 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి. రోజుకు 30 గ్రాముల ఉప్పు కలపండి, చెమట పట్టే రోజుల్లో ఎక్కువ.

మన వైపు మేత గురించి కొన్ని గట్టిగా చెప్పాలి.

వరి గడ్డి కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు. దాని మీదే గుర్రం బతకలేదు, జొన్న సొప్ప, పచ్చిగడ్డి కలవాలి. లేత జొన్నలో, వాన లేక వాడిపోయిన జొన్నలో విషం ఉంటుందని రైతులకు తెలిసిందే, గుర్రానికీ అది విషమే. సూపర్ నేపియర్ గడ్డి ఒక్కటే నెలల తరబడి పెడితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి, ఎముకలు గుల్లబారి మొహం ఉబ్బుతుంది. గోధుమ పొట్టు, తవుడు ఎక్కువైనా అదే దారి. వేరే గడ్డి కలపండి, కాల్షియం ఎంత ఇవ్వాలో డాక్టరును అడగండి.

బూజు పట్టిన మక్కలు ఒక్క దోసెడు కూడా వద్దు. మక్కల బూజులో ఉండే ఒక విషం గుర్రం మెదడును కరిగిస్తుంది. తల గోడకు ఆనించి నిలబడుతుంది, తూలుతుంది, చూపు పోతుంది, దానికి మందు లేదు. వానలో తడిసిన మక్కలు చవగ్గా అమ్ముతున్నారంటే గుర్రం కోసం కొనవద్దు. బర్రెలు తిని బాగానే ఉన్నాయన్న మాట ఇక్కడ పనికిరాదు.

కోళ్ల దాణా, బర్రెల దాణా అంతకంటే ప్రమాదం. కొన్నిట్లో మోనెన్సిన్ లాంటి మందులు కలిపి ఉంటాయి. కోడికీ బర్రెకూ పడే మోతాదు గుర్రం గుండెను ఆపేస్తుంది. పాడి రైతు కొట్టంలో గుర్రాన్ని ఉంచేవాళ్లు దాణా సంచులు వేరే గదిలో, వేరే రంగు బకెట్లతో పెట్టుకోవాలి. ఒకే తట్టతో రెండూ తోడవద్దు. దాణా గదికి గొళ్లెం ఎప్పుడూ వేసి ఉండాలి. గుర్రం తాడు తెంపుకుని గింజ సంచి మీద పడితే ఎంత తిన్నదో చూసి, అది బాగానే ఉన్నట్టు కనబడినా అప్పుడే డాక్టరుకు చెప్పండి. గింజ ఎక్కువ తింటే గిట్టలు పాడవుతాయి, అది మరునాడో, ఆ తర్వాతో బయటపడుతుంది.

గడ్డి పేర్చే పని మీదైతే: కట్టను కోసి నడుమ చెయ్యి దూర్చండి. చల్లగా, పొడిగా, కరకరలాడాలి. బూడిదరంగు పొడి లేచినా, ముక్క వాసన వచ్చినా ఆ కట్ట గుర్రానికి వద్దు. నేల మీద చెక్కలు పరిచి, గోడకు జానెడు ఎడం ఉంచి పేర్చండి. తడి గడ్డి పేర్చితే వామి లోపల వేడెక్కి మంట పుడుతుంది. మొదటి మూడు వారాలు ఇనుప చువ్వను లోపలికి దూర్చి పావుగంట ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే వామిని మీరు విప్పవద్దు, గాలి తగలగానే అంటుకుంటుంది. గుర్రాలను దూరం కట్టేసి 101కి ఫోన్ చేయండి.

8. పోట్లు వస్తే

నేల తవ్వడం, పక్కటెముకలవైపు పదేపదే తిరిగి చూడడం, పడుకుని దొర్లడం, లద్దె ఆగడం: కడుపు నొప్పి. మేత, దాణా తీసేయండి. నాడి, జ్వరం చూసి రాయండి. దవడ కింద నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. నెమ్మదిగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 మధ్య, ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. నాడి 60 దాటితే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. పశువుల అంబులెన్సుకు 1962, దాంతోపాటు దగ్గరి పశువైద్యుడు. మామునూరులో, కోరుట్లలో పశువైద్య కళాశాలలున్నాయి. ఆ ఫోను నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.

వెదురు గొట్టంతో నూనె, బెల్లం నీళ్లు పోయవద్దు. ఎడ్లకు పోసినట్టు గుర్రానికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుర్రానికి వాంతి కాదు. నూనె పోయాల్సి వస్తే డాక్టరే ముక్కులోంచి గొట్టం వేసి పోస్తాడు.

9. కాలం మారితే పని వేళలూ మారాలి

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పని 5కే మొదలుపెట్టి 8కి ముగించండి. బండి లాగే, బరువు మోసే జంతువులతో 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య పని చేయించకూడదని 1965 నాటి నిబంధనలు చెప్తున్నాయి. సవారీ గుర్రానికీ దాన్నే పాటించండి. గుర్రం చెమట ఆగిపోయి ఎగశ్వాస తీస్తుంటే, జ్వరం 40 డిగ్రీలు దాటితే నీడకు తెచ్చి ఒళ్లంతా చల్లటి నీళ్లు ఆపకుండా పోస్తూ డాక్టరును పిలవండి.

వానలు పడ్డాక జోరీగలు సర్రా అనే రక్తపు జబ్బును మోసుకొస్తాయి. వచ్చిపోయే జ్వరం, తింటున్నా చిక్కిపోవడం, కాళ్లు, పొట్ట కింద వాపు ఉంటే రక్త పరీక్ష అడగండి. దోమలకని మూసిన కొట్టంలో పొగ పెట్టవద్దు, ఊపిరి పాడవుతుంది. ఫ్యాను పెట్టండి, వాకిలికి తెర కట్టండి.

శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్లిళ్లవి. బరాత్ షెడ్డులో అప్పుడు పని రెట్టింపు. ఆ నెలల్లో అదనపు గంటలు చేసి, ముహూర్తాలు లేని ఆషాఢంలో వాడుకునేలా జమ రాయించుకోండి. రాత్రి 11కి డీజే నడుమ గుర్రాన్ని పట్టుకోవడం మాత్రం మీ పొద్దుటి గంటల్లో కలిసే పని కాదు, దానికి రేటు వేరే.

10. నెలాఖరున

గంటల నోటుబుక్కులో తేదీ, వచ్చిన వేళ, పోయిన వేళ, చేసిన పని ఏ రోజుకా రోజు రాసి, వారానికోసారి యజమానితో సంతకం పెట్టించుకోండి. నెలాఖరున ఒకేసారి గుర్తు చేసుకుని రాస్తే గొడవే. గంటలు వరుసగా రెండు నెలలు తగ్గాయంటే మీరు ఒప్పుకున్నది మీ శక్తికి మించి ఉందని అర్థం. గంటలు తగ్గించి పైసలు పెంచమని మీరే ముందు అడగండి. పని ప్రతి నెలా చెప్పినదానికంటే ఎక్కువవుతుంటే నోటుబుక్కు ముందు పెట్టి మాట్లాడండి, గొంతు పెంచాల్సిన పని ఉండదు.

అదే రోజు గుర్రం బరువు కొలవండి. మీ పని వల్ల కిరాయి తీరుతున్నా గుర్రం నెలకు 10 కిలోలు తగ్గుతుంటే మేత, పళ్లు, నట్టలు వరుసగా చూడాలి. మేతలో పొట్టు ఉమ్మేస్తూ, నమిలిన గడ్డి ఉండలు కింద పడేస్తుంటే పళ్లు అరగదీయించాలి.

వదిలి వెళ్లే రోజు వస్తే: మిగిలిన గంటలు, మిగిలిన పైసలు ఒక కాగితం మీద తేల్చి ఇద్దరూ సంతకం చేయండి. మీరు కొన్న గడ్డి ఎన్ని కట్టలు మిగిలాయో లెక్కపెట్టి, తోలుకుపోతారో అమ్మేస్తారో రాయండి. జీను, కళ్లెం, బకెట్లు సరిచూసుకోండి. టీకాల కాయితాలు తీసుకోకుండా గుర్రాన్ని బండి ఎక్కించవద్దు, తర్వాతి షెడ్డువాళ్లు మొదట అడిగేది అవే.